తోలు మెత్తబరచడం: మోట తొండం నుంచి జాకెట్ దాకా

తోలు మెత్తబరచడంలో రెండు పనులున్నాయి. బిరుసుగా ఉన్న కొత్త తోలును ఒంటికో కాలికో లొంగేలా చేయడం మొదటిది. లొంగిన తోలు మళ్లీ ఎండి పగలకుండా చమురు పట్టిస్తూ కాపాడుకోవడం రెండోది. ఇవాళ ఈ మాట ఎత్తితే చాలామందికి మోటార్‌సైకిల్ మీద వేసుకునే నల్ల జాకెట్ గుర్తొస్తుంది. కానీ తెలంగాణ పల్లెల్లో ఈ పని జాకెట్ రాకముందు నుంచీ ఉంది. బావి నీళ్లు తోడే మోట తొండానికి, ఎద్దుల పట్టెడలకు, కిర్రు చెప్పులకు ఊరి మాదిగలు చేసింది ఇదే. జాకెట్‌ను చూసుకోవడానికి అవసరమైన జ్ఞానం చాలావరకు ఆ పనిలోనే ఉంది. అయితే చెప్పు తోలును, జాకెట్ తోలును పదును చేసిన (కుళ్లకుండా శుద్ధి చేసిన) తీరు ఒకటి కాదు కాబట్టి పాత పద్ధతిలో దేన్ని తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో తెలిసి ఉండాలి.

ప్రాంతం, వాతావరణం

ఇక్కడి సలహాలు ఆర్మూర్ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ 44, 63 జాతీయ రహదారులు కలిసే చోట, నవనాథ సిద్ధుల గుట్ట దగ్గర ఉన్న వ్యాపార పట్టణం. చుట్టుపక్కల పసుపు, ఎర్రజొన్న ప్రధాన పంటలు. వానాకాలం మొదట్లో నాటిన పసుపును జనవరి నుంచి తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకెళ్తారు.

తోలుకు సంబంధించి ఇక్కడి వాతావరణంలో మూడు సంగతులు ముఖ్యం. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, తోలులోని తేమను గుంజేస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో చెమ్మ నిండి ఉంటుంది, బీరువాలోని తోలుకు బూజు పడుతుంది. జాకెట్ నిజంగా అవసరమయ్యేది డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో బండి మీద రహదారి ఎక్కేవాళ్లకు. సరిగ్గా అదే కాలంలో పసుపు పనులు మొదలై పచ్చటి దుమ్ము లేస్తుంది. చలిదేశాల వాళ్లు రాసిన జాకెట్ సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

తోలు ఎందుకు బిరుసెక్కుతుంది

పచ్చితోలు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీరు, మిగతాది ఎక్కువగా కొల్లాజెన్ అనే మాంసకృత్తి. కొల్లాజెన్ సన్నని పోగులుగా, పోగులు కట్టలుగా, కట్టలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. నీరు ఉన్నంతసేపు పోగులు ఒకదాని మీద ఒకటి జారుతాయి. నీరు ఆరిపోతే ఒకదానికొకటి అంటుకుపోతాయి, తోలు అట్టలా గట్టిపడుతుంది.

డప్పు మోగేది ఈ గుణం వల్లే. డప్పు మీది తోలు పదును చేసింది కాదు. వెంట్రుక తీసి, చింతగింజల జిగురుతో చెక్క చట్రానికి అతికించి ఆరబెట్టింది. మంట దగ్గర కాచినప్పుడు ఉన్న కాస్త తేమ కూడా పోయి బిగుసుకుంటుంది, దరువు ఖంగున పలుకుతుంది. తోలుబొమ్మల తోలు కూడా ఈ కోవకు చెందిందే. డప్పుకు ప్రాణమైన బిగువు చెప్పుకూ జాకెట్‌కూ శత్రువు. అందుకే వీటికి పచ్చితోలు చాలదు, పదును చేసిన తోలు కావాలి, అది ఆరేలోపు పోగుల మధ్యకు చమురు చేరాలి. చమురు చేరిన పోగులు అంటుకోవు, వంచితే జారతాయి, వదిలితే మళ్లీ సర్దుకుంటాయి. మెత్తదనం వెనక ఉన్న సంగతి ఇంతే. పాత లందలోనైనా కొత్త ఫ్యాక్టరీలోనైనా మిగతాదంతా ఈ పనిని ఎలా చేశారన్న తేడాయే.

లంద, తంగేడు, ఆముదం

పల్లెల్లో తోళ్లు పదును చేసే చోటును లంద అంటారు. తెచ్చిన తోలును కడిగి, నానబెట్టి, సున్నపు నీళ్లలో రోజుల తరబడి ఉంచేవారు. సున్నానికి వెంట్రుక కుదుళ్లు వదులవుతాయి. గీకి వెంట్రుక, లోపలి వైపు మాంసం పొర తీసేసి, సున్నం పోయేదాకా కడిగేవారు. ఆ తర్వాత తంగేడు చెక్క. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పంగా అందరికీ తెలిసిన తంగేడుకు తోళ్ల పనిలో విలువ పువ్వు వల్ల రాలేదు, బెరడు వల్ల వచ్చింది. బెరడులో టానిన్ దండిగా ఉంటుంది. దంచి నీళ్లలో వేస్తే ఆ టానిన్ దిగి, తోలు పోగులను పట్టుకుని కుళ్లకుండా చేస్తుంది.

పెద్ద తోళ్లకు ఒక ముచ్చటైన పద్ధతి ఉండేది. తోలును సంచిలా కుట్టి, లోపల తంగేడు చెక్క, దాని రసం నింపి కొయ్యకు వేలాడదీసేవారు. రసం లోపలి నుంచి తోలులోకి ఊరి, బయటికి బొట్లుబొట్లుగా కారేది. కారిన రసాన్ని కింద కుండలో పట్టి మళ్లీ పైనుంచి పోసేవారు. కొన్నాళ్లకు సంచిని తలకిందులు చేసి మెడవైపు కూడా ఊరనిచ్చేవారు. రసం తోలు మందమంతా దాటి వచ్చిందో లేదో బయటి చెమ్మే చెప్పేది. కోసి చూసే అవసరం లేకుండా పదును లోపలిదాకా పట్టిందని తెలుసుకునే ఈ ఉపాయం కనిపెట్టినవాళ్లను చదువురానివాళ్లని లోకం అంది.

తంగేడుతో పదునైన తోలు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. దానికి విరుగుడుగా చివర కరక్కాయ నీళ్లలో ముంచేవారు. ఆపైన చమురు. దక్షిణాది తోళ్ల పనిలో కానుగ నూనె ఎక్కువగా వాడేవారు, చెప్పులకు ఆముదం. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాసి నీడన ఆరబెట్టడంలో కిటుకు ఉంది. నీరు బయటికి పోతూ ఖాళీ చేసిన చోటులోకి నూనె దిగుతుంది. పూర్తిగా ఎండిన తోలుకు రాస్తే చాలావరకు పైనే జిడ్డుగా నిలుస్తుంది. తర్వాత గూటంతో కొట్టి, చేతులతో నలిపి, అంచు మీద లాగి పోగులను విడదీసేవారు.

ఈ తోలు ఊళ్లో ఎక్కువగా పోయింది మోటకు. కరెంటు మోటార్లు రాకముందు బావి కింది పంటలకు ఎక్కువగా మోటే దిక్కు. వంద లీటర్లకు పైగా పట్టే బొక్కెనకు అడుగున తోలు తొండం ఉండేది. ఎద్దులు పల్లపు బాటలో దిగుతుంటే బొక్కెన పైకి వచ్చేది. బొక్కెనకు పెద్ద తాడు, తొండం కొసకు సన్న తాడు. గట్టుకు రాగానే తొండం తెరుచుకుని నీళ్లు కాలువలో పడేవి. ఒక్కో దఫా తొండం మడవాలి, విప్పుకోవాలి, నీళ్లలో మునగాలి, ఎండలో ఆరాలి. తోలుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. బిరుసెక్కితే మడత దగ్గర పగిలి నీళ్లన్నీ బావిలోకే పోతాయి. అందుకే తొండానికి క్రమం తప్పకుండా చమురు పట్టించేవారు.

చెప్పులది మరో తీరు. కొత్త చెప్పు కరుస్తుంది. మడమ మీద, బొటనవేలి వారు దగ్గర పొక్కులు లేస్తాయి. రైతులు కొత్త చెప్పులకు ఆముదం పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున అదనపు జిడ్డు తుడిచి తొడుక్కునేవారు. ఒకటి రెండు రోజులు ఇంటి చుట్టూ తిరిగాకే పొలానికి వేసుకుపోయేవారు. కొత్త జాకెట్‌కు ఇవాళ చెప్పే జాగ్రత్తలన్నింటిలో విలువైనది ఈ రెండో సగమే: మొదట కొద్దిసేపు, దగ్గరలో, వంగుతూ లేస్తూ వాడటం.

ఇంత అక్కరకు వచ్చిన పనికి దక్కిన ప్రతిఫలం గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. నిజాం పాలనలో తెలంగాణ భూస్వాములకు మాదిగలు చెప్పులు, మోటకు, సేద్యానికి కావలసిన తోలు సరంజామా వెట్టిగా, ఉచితంగా ఇవ్వాల్సి వచ్చేది. తెలంగాణ సాయుధ పోరాటం గురించి పుచ్చలపల్లి సుందరయ్య రాసి 1972లో వెలువడిన గ్రంథంలో ఈ వెట్టి ప్రస్తావన ఉంది. తోలు వస్తువు లేకుండా సేద్యం సాగదు, తోలు చేసేవాడికి మాత్రం ఊళ్లో చోటు లేదు. ఆ అన్యాయం ఇంకా పూర్తిగా పోలేదు.

క్రోమ్ వచ్చాక

జాకెట్ తోలు చరిత్ర ఇక్కడ దారి మారుతుంది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్, 1893లో మార్టిన్ డెన్నిస్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నారు. వారాలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. తోలు తేలికగా, సాగే గుణంతో, వేడికి ఓర్చుకునేలా తయారైంది. తంగేడులాంటి చెట్ల టానిన్‌తో పదునైన తోలు నీళ్లలో 75 నుంచి 85 డిగ్రీల దగ్గర ముడుచుకుంటుంది. మంచి క్రోమ్ తోలు మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది.

మద్రాసులో క్రోమ్ పదును ప్రయోగాలు 1903లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మొదలుపెట్టారు. ఆయన దృష్టి పెట్టిన తొలి వస్తువుల్లో బావి మోట తోలు ఒకటి. నీళ్లలో ఎక్కువకాలం నిలిచే తోలు రైతుకు కావాలన్నది ఆలోచన. ఇవాళ బజార్లో దొరికే జాకెట్లలో చాలావరకు క్రోమ్ తోలువే. ఈ రకం తోలు దక్షిణ భారతంలో అడుగుపెట్టిన కారణాల్లో బావి గట్టు అవసరం ఒకటి.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థకు పునాది పడింది. దాన్ని ప్రపంచస్థాయికి తీసుకెళ్లిన శాస్త్రవేత్త తెలుగువాడు, యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, ఆపైన అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో చదివారు. తోలు పని అంటే ముక్కు మూసుకునే కాలంలో దాన్నే తన శాస్త్రంగా ఎంచుకున్నారు. ఆ సంస్థకు సంచాలకులుగా, తర్వాత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో కన్నుమూశారు. తోలు గురించి తెలుగులో ఎవరు ఏం రాసినా ఆయన పేరు రాకుండా ఉండదు, ఉండకూడదు.

కొత్త జాకెట్‌ను ఒంటికి అలవాటు చేయడం

ముందు అది తోలేనా అని చూసుకోవాలి. రెక్సిన్ వెనకవైపు గుడ్డ నేత కనిపిస్తుంది. తోలు వెనకవైపు, కోసిన అంచు దగ్గర సన్నటి పీచు ఉంటుంది. రెక్సిన్‌కు ఏ నూనె రాసినా వృథా. కొన్నేళ్లకు దాని పై పొర పొట్టులా రాలుతుంది, ఆపే మార్గం లేదు.

గొర్రె తోలు జాకెట్లు అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటరు మందం ఉంటాయి. వీటిని మెత్తబరచాల్సిన పనే లేదు, మొదటిరోజే ఒంటికి అతుక్కుంటాయి. ఆవు, గేదె తోలుతో చేసిన బండి జాకెట్లు మిల్లీమీటరుకు పైనే, 1.4 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. బిరుసు సమస్య వీటిదే.

కొనేటప్పుడే సగం పని అయిపోవాలి. జాకెట్ తొడుక్కుని, జిప్ పెట్టుకుని, బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాచి చూడాలి. వీపు మీద కాస్త బిగువుగా ఉన్నా ఊపిరి ఆడితే చాలు. వాడకంతో తోలు అడ్డంగా కొంత సాగుతుంది. భుజాల కుట్టు మాత్రం సాగదు. భుజం కుట్టు భుజం ఎముక మీద కూర్చోకపోతే ఆ జాకెట్ ఎన్నటికీ కుదరదు. చేతులు మణికట్టు దాటి అర అంగుళం ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. మోచేతి దగ్గర మడతలు పడిపోయాక ఆ మేరకు పైకి పోతాయి.

తర్వాత వాడటమే మందు. చలికాలం సాయంత్రాలు ఇంట్లో ఒక గంట వేసుకుని పనులు చేసుకోవాలి. మోచేతులు వంచడం, చేతులు పైకెత్తడం, కూర్చుని లేవడం. విప్పాక మోచేతి భాగాన్ని, కాలర్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా నలపాలి. లందలో గూటం చేసిన పనినే ఇక్కడ చేతులు చేస్తున్నాయి, కట్టలుగా అంటుకున్న పోగులను విడదీస్తున్నాయి. ఒంటి వేడి, కొద్దిపాటి చెమ్మ దానికి తోడవుతాయి. కొన్ని వారాల్లో మోచేతుల మీద, నడుము దగ్గర మడతలు తమ చోటు చూసుకుంటాయి.

నీళ్లలో ముంచి ఒంటిమీదే ఆరనిస్తే త్వరగా కుదురుతుందని కొందరు చెబుతారు. ఆ పని చేయవద్దు. లోపలి అస్తరు కుంచించుకుపోతుంది, రంగు కారుతుంది, నీటితోపాటు తోలులోని నూనె కూడా చెదురుతుంది. తడి తోలును ఎండలో పెడితే మళ్లీ అట్ట అవుతుంది. మే నెల ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో జాకెట్ వదిలేయడం కూడా ఇంతే చెరుపు.

ఎప్పుడు నూనె, ఎంత నూనె

కొత్త జాకెట్‌కు కొన్నరోజే నూనె పట్టించడం అనవసరం. జాకెట్ తోలుకు ఫ్యాక్టరీలోనే, నీళ్లలో కలిసేలా మార్చిన నూనెలను పెద్ద పీపాల్లో తిప్పుతూ పట్టిస్తారు. చెప్పుల తోలుకంటే దుస్తుల తోలుకు ఈ మోతాదు ఎక్కువ. కాబట్టి మొదటి ఆరునెలలు పొడిగుడ్డతో తుడవడం తప్ప ఏమీ చేయకపోయినా నష్టం లేదు.

ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు చాలు. ఆర్మూర్ వాతావరణానికి సరిపోయే అదను దీపావళి తర్వాత ఒకసారి, ఉగాది దగ్గర ఎండలు ముదరకముందు మరోసారి. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్, తేనెమైనం, పశువుల కాలి ఎముకల నుంచి తీసే నూనె, వీటిలో ఏవి కలిసినా మంచి లెదర్ కండిషనరే. పసుపు కొమ్మంత చాలు. మెత్తటి గుడ్డకు అద్ది, వీపు నుంచి మొదలుపెట్టి పలచగా రాయాలి. అంతకుముందు లోపలి అంచు మీద ఓ చోట రాసి, ఒక రోజు ఆగి రంగు మారలేదని చూసుకోవాలి. రాశాక రాత్రంతా నీడన వదిలి, పొద్దున మిగిలింది తుడిచేయాలి.

ఒక నీటిచుక్క వేస్తే తోలు రకం తెలిసిపోతుంది. చుక్క ఇంకి మచ్చ పడితే పై పూత లేని తోలు, కండిషనర్ లోపలికి పోతుంది. చుక్క ముత్యంలా నిలిస్తే పై పూత ఉంది, కండిషనర్ చాలావరకు పైనే ఉండిపోతుంది. రెండో రకానికి ఇంకా తక్కువ రాయాలి.

ఆముదం సంగతి. చెప్పుకు అది అమృతమే కానీ జాకెట్‌కు పనికిరాదు. చిక్కటి నూనె, త్వరగా ఆరదు, పలచని క్రోమ్ తోలు మీద జిగటగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఇక్కడి చలికాలం పొద్దుల్లో తోలు మీద తెల్లటి మచ్చలుగా తేలుతుంది. షూ పాలిష్ రంగు చొక్కా కాలర్‌కు అంటుతుంది. నూనె ఎక్కువైతే తోలు వదులై బుగ్గలు కడుతుంది, కుట్టుదారం బలహీనపడుతుంది. ఎండిన తోలుకు నూనె పట్టించి కొంత బాగుచేయవచ్చు. ఎక్కువ పీల్చిన తోలు నుంచి నూనె తీయడం ఇంట్లో అయ్యే పని కాదు.

పసుపు పడితే

ఆర్మూర్ చుట్టుపక్కల జాకెట్ వేసుకునేవాళ్లకు ఇది ప్రత్యేక సమస్య. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. అంటే చమురు పట్టించిన తోలే పసుపును త్వరగా లాక్కుంటుంది. నల్ల జాకెట్ మీద కనబడదు కానీ గోధుమరంగు తోలు, లేతరంగు అస్తరు, చేతుల అంచులు పచ్చబడతాయి.

పొడి పసుపు పడితే ముందు దులపాలి. గుడ్డతో రుద్దితే లోపలికి ఎక్కుతుంది. మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకు దులిపి, మిగిలింది పొడిగుడ్డతో అద్ది తీయాలి. సబ్బు, సర్ఫ్, వంటసోడా దగ్గరికి రానీయకూడదు. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే, సబ్బులోని క్షారం తగిలినా కర్క్యుమిన్ ఎర్రబడుతుంది. పచ్చ మచ్చ కాస్తా ఎర్ర మచ్చ అవుతుంది. పైగా తోలుది ఆమ్లగుణం, క్షారానికి దెబ్బతింటుంది. దులిపాక మిగిలే లేత పచ్చదనానికి వెలుతురే మందు. కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. నేరుగా ఎండలో కాకుండా, వెలుతురు బాగా పడే వరండా నీడలో కొన్నాళ్లు వేలాడదీస్తే వెలిసిపోతుంది. పసుపు పాలిష్ పట్టే చోటికి వెళ్లేటప్పుడు జాకెట్ విప్పి వెళ్లడం అన్నిటికంటే తేలిక.

వాన, బూజు

వానలో తడిస్తే వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి, జిప్ తీసి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరకముందే పలచగా కండిషనర్ రాయవచ్చు. లంద పనివాళ్ల సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టకూడదు, పాత నూలు దుప్పటో చీరో కప్పితే గాలి ఆడుతుంది. నెలకోసారి బయటికి తీసి గాలికి పెట్టాలి. తెల్ల బూజు కనిపిస్తే ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి.

మరమ్మతు

జాకెట్ కుట్టు ఊడినా, జేబు అంచు చిరిగినా, జిప్ ఊడినా బట్టల దర్జీ దగ్గరికి తీసుకెళ్లడం పొరపాటు. బట్ట సూది తోలులో వరస రంధ్రాలు చేస్తుంది, ఆ గీత వెంబడే తోలు చిరుగుతుంది. ఆరెతో రంధ్రం చేసి, మైనం పట్టిన దారంతో చేత్తో కుట్టేవాళ్లు బస్టాండ్ల దగ్గర, పాత బజార్లలో ఇంకా ఉన్నారు. వేలకు వేలు పోసి కొన్న జాకెట్‌ను వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. పాత కుట్టు రంధ్రాల్లోనే మళ్లీ దారం పోయమని అడగండి. చెప్పిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.